కూతురి కూత

కోసిగి బస్టాండు ఎదురుగా ఉన్న కిరాణా అంగడి మాది. నా పేరు కేశవయ్య. ఊళ్ళో నా గురించి రెండు మాటలు చెప్పుకుంటారు. శెట్టి తూకంలో మోసం చేయడు, తూకం మీద ఒక్క గింజ కూడా ఎక్కువ వేయడు. రెండూ నిజమే. రెంటికీ నేను సిగ్గుపడను. అట్లాంటి నా మెడకు గ్రాంటు దరఖాస్తు ఎట్లా చుట్టుకుందో, అందులో నేనేం తప్పు రాశానో చెప్పాలంటే ముందు నాలుక పీపీ గురించి చెప్పాలి.

శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న జాతరకు ఏటా బొమ్మల అంగడి పెడతాను. అక్కడ పిల్లలు ఎగబడి కొనేది నాలుక పీపీ. ఊదితే చుట్టుకొని ఉన్న రంగు కాగితం జానెడు ముందుకు సాగి పీ అని మోగుతుంది. ఊపిరి ఆపితే చటుక్కున చుట్టుకుపోతుంది. రెండువేల ఆరులో జాతర సోమవారాలన్నీ వానే. మా సీమలో వాన పడితే ఊరంతా సంతోషిస్తుంది, ఆ ఏడు నేనొక్కడినే తిట్టుకున్నాను. మిగిలిపోయిన పీపీలు రెండు అట్టపెట్టెలు తెచ్చి అంగడి అటక మీద పడేశాను.

ఆ పెట్టెల్లోంచి మొదటి పీపీ కొన్నది శిరీన్.

శిరీన్ బషీరాబీ కూతురు. అప్పటికి పదిహేడేళ్ళు. పుట్టుకతోనే చెవులు వినపడవు, అందుకని మాటా రాలేదు. తండ్రి మాబు సాహెబ్ పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక తల్లీకూతుళ్ళు కూలికి పోయి బతుకుతున్నారు. ఊళ్ళో చాలామంది ఆ పిల్లను మూగి అనే పిలిచేవాళ్ళు. ఎట్లాగూ దానికి వినపడదు కదా అని వాళ్ళ ధైర్యం. నాకు వినపడేది. వినపడిన ప్రతిసారీ ఒళ్ళు మండేది. కానీ గిరాకీ పోతుందని నోరు మెదిపేవాడిని కాదు.

బషీరాబీ మనసు మంచిదే, నాలుకే ఊరుకోదు. ఒకసారి చింతపండు తూకం వేయించుకుంటూ అంది.

"పేరుకే కూతురు శెట్టన్నా. కూతురంటే కూత ఉండాల గదా? నా కూతురికి కూత యాడుండాది? యాడన్నా సంతలో తప్పిపోతే అమ్మా అని అరిసేకి గూడా రాదు."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. తక్కెడ ముల్లు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఇక కంబన్న. ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడినవాడు. మోకాలు చెడిపోయాక రైలు స్టేషను దగ్గర టీ బండి పెట్టుకున్నాడు. పొద్దున టీ అమ్ముతాడు, సాయంత్రం బడి వెనక మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతాడు. దానికి జీతం లేదు, బత్తెం లేదు. బుద్ధి కూడా లేదని నేను వాడి మొహం మీదే అనేవాడిని. వాడు నవ్వేసి, నాకు మాత్రం చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చేవాడు.

ఆ మైదానం గోడ మీద శిరీన్ రోజూ కూర్చుని ఆట చూసేది. ఒకరోజు గోడ దిగి వచ్చి పిల్లల వరసలో నిలబడింది. పిల్లలు కంబన్న మొహం చూశారు. కంబన్న తల గోక్కున్నాడు. కబడ్డీలో ప్రాణమంతా కూతలో ఉంది. గీత దాటి అవతలి జట్టు మీదికి పోయిన మనిషి కబడ్డీ కబడ్డీ అని ఆపకుండా అంటూ, ఒక్క ఊపిరితో వాళ్ళను తాకి మళ్ళీ గీత దాకా రావాలి. మధ్యలో కూత తెగితే అవుట్. కూతే లేని పిల్లను ఎట్లా ఆడించేది? వాడు తన నోరు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. శిరీన్ తిరిగిపోయి గోడ ఎక్కింది.

మరునాడు పొద్దున్నే మా అంగడికి వచ్చి అటక వైపు వేలు చూపించింది. నాకు అర్థం కాలేదు. పెదవుల ముందు వేలు చుట్టలా తిప్పి, ముందుకు సాగదీసి, మళ్ళీ చుట్టింది. పీపీ! ఇంత పిల్లకు ఈ వయసులో ఇదేం సరదా అనుకుంటూ నిచ్చెన వేసి తీసిచ్చాను. రూపాయి తీసుకున్నాను కూడా.

ఆ సాయంత్రం కంబన్న కుంటుకుంటూ పరుగున వచ్చాడు.

"కేశవప్పా, ఆ పిల్లకు ఏం అమ్మినావప్పా నువ్వు!"

"అమ్మిన సరుకు తిరిగి తీసుకోను." నేను ఎవరికైనా మొదట చెప్పే మాట అదే. అంగడి గోడ మీద రాసి కూడా ఉంటుంది.

"తీసుకోవద్దులే. ముందు రా నువ్వు." చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

పోయి చూద్దును కదా, శిరీన్ పీపీని పళ్ళతో కరిచి పట్టుకొని గీత దాటుతోంది. ఎర్ర కాగితం నాలుక జానెడు ముందుకు సాగి నిలబడి ఉంది. వంగి, ఒక్క ఉరుకులో కుడివైపు పిల్ల మోచెయ్యి తాకి, ఇద్దరి చేతుల కింద నుంచి జారి గీత మీద పడింది. పడ్డాక కాగితం చుట్టుకుంది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కంబన్న ఒక్కడే నవ్వలేదు.

"చూడప్పా. ఊపిరి తెగితే కాగితం చుట్టుకుంటాది. ఈటి మాదిరి నిలబడిందంటే కూత ఉన్నట్టే. దొంగ కూతకు దారే ల్యా. ఇనేకి చెవులు గూడా అక్కరల్యా, కండ్లుంటే శాలు. ఇన్నేండ్లు ఆడినా గదా, నాకేంటికి తట్టలేదప్పా ఇది?"

వాడి కళ్ళల్లో నీళ్ళు. కబడ్డీ వాళ్ళు ఇంత మెత్తని మనుషులని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ మరునాటి నుంచి మా కోసిగి కబడ్డీలో అందరికీ పీపీయే కూత. చెవులు వినపడే పిల్లలు వారం రోజులు మొహాలు ముడుచుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వినపడని పిల్లలు ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. జట్టుకు ఏడుగురు కుదిరారు. ముగ్గురికి చెవులు లేవు, నలుగురికి ఉన్నాయి. ఏడుగురికీ లేనిది ఒకటే, ఇంట్లో తిండి. పీపీ కాగితం ఎంగిలికి తడిసి మూడు రోజులకే చిరిగేది. వాళ్ళకు నేను అసలు ధరకే ఇచ్చేవాడిని. నా చరిత్రలో అదే పెద్ద దానం.

దసరా పోయాక కంబన్న ఆదోని నుంచి ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు. హైదరాబాదులో ఏదో ట్రస్టు ఉందట. అవిటి పిల్లలకు, లేని ఇంటి పిల్లలకు ఆటలు నేర్పేవాళ్ళకు గ్రాంటు ఇస్తుందట. ఆరు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. నేను ఆదోనిలో ఇంటర్మీడియట్ చదివాను. ఇంగ్లీషు పరీక్షయితే మూడుసార్లు రాశాను. అంత అనుభవం ఉన్న మనిషి మా వీధిలో ఇంకొకడు లేడు కాబట్టి రాసే పని నాకు పడింది.

అంగడి అరుగు మీద కూర్చున్నాం, నేనూ, కంబన్న, పక్కన శిరీన్. మొదటి మూడు పేజీలు తేలిగ్గానే గడిచాయి. నాలుగో పేజీలో ఒక పెద్ద గడి. ఆటసామాన్లు ఏమేం కావాలో అందులో రాయాలి.

"బూట్లు రాయి," అన్నాడు కంబన్న. "మోకాలికి కట్టుకునేటివి రాయి. నా గతి పిల్లలకు పట్టగూడదు."

రాస్తుంటే శిరీన్ నా మోచెయ్యి పట్టి ఆపింది. అయిదు వేళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టుకుంది. తర్వాత రెండు చేతులతో స్టీరింగు తిప్పింది. తర్వాత గట్టిగా తల అడ్డంగా ఊపి, మైదానం వైపు వేలు చూపించి, నా కలం మీద తట్టింది.

"ఏమంటాంది?" అన్నాను.

కంబన్నకు ఆ సైగలు అర్థమయ్యాయి. "బువ్వ రాయమంటాంది అప్పా. బువ్వ ఉంటే లారీ ఎక్కేది ఉండదు, ఆడతా అంటాంది."

లారీ అంటే సుగ్గి లారీ. కూలికి వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. సంక్రాంతి ముందు మొదలుపెట్టి గుంటూరు మిరప చేలకు ఊళ్ళకు ఊళ్ళు లేచిపోతాయి. మళ్ళీ ఉగాదికి గాని రారు. జట్టులో ఏడుగురికి అయిదుగురు ఏటా పోయేవాళ్ళే. మార్చిలో కర్నూలులో వినపడని పిల్లలకు, వాళ్ళతో కలిసి ఆడే పిల్లలకు పోటీలు పెడతారు. సరిగ్గా అప్పుడు మా పిల్లలు ఎక్కడో మిరపకాయలు కోస్తూ ఉంటారు. వచ్చేసరికి చేతులు మండుతూ, ఆట మరిచిపోయి, మళ్ళీ మొదటికి వస్తారు. శిరీన్‌కు పద్దెనిమిది నిండితే ఆ పోటీలకు వయసు కూడా దాటిపోతుంది. ఈ మార్చి పోతే ఇంకో మార్చి లేదు.

నేను ఆలోచించి, ఆటసామాన్ల గడిలో అన్నిటికన్నా పైన, మంచి దస్తూరీతో రాశాను. ఒకటి, జొన్నలు. రెండు, రాగులు. మూడు, బుడ్డలు. బుడ్డలకు ఇంగ్లీషు గుర్తు రాక వేరుశనగ ప్యాకెట్టు చూసి రాసుకున్నాను. ఆ తర్వాత బూట్లు, మోకాలి పట్టీలు, పీపీలు.

టీ తెచ్చిన మా ఇంటామె అలివేలమ్మ, ఏం రాశారో చదివి చెప్పమంది. చెప్పాను.

"జొన్నలు ఆటసామానా?"

"అవి లేకుంటే ఆట ఉండదే. ఏది లేకుంటే ఆట ఉండదో అదే ఆటసామాను."

"మాటకు మాట బాగనే ఉండాది గాని, మీరు తప్పు గడిలో రాసినారు," అంది. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. నాకు కోపం వచ్చింది. చివరి పేజీలో స్థానికులు ఇచ్చే వాటా ఎంత అని ఇంకో గడి ఉంటే, ఆ కోపంలోనే అందులో ఒక అడ్డగీత గీసి దరఖాస్తు మడిచేశాను. గీత నున్నగా వచ్చింది.

డిసెంబరు ఆఖరులో జవాబు వచ్చింది. జొన్నల గురించి వివరణ కావాలి, కూత లేని కబడ్డీని కళ్ళారా చూడాలి, మా ప్రతినిధి శ్రీవిద్య గారు జనవరి తొమ్మిదిన మీ ఊరు వస్తారు అని. కంబన్న ఆ కాగితాన్ని టీ బండి మీద దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. కూలీలను తోలుకుపోయే మేస్త్రీ సుగ్గి లారీకి పెట్టిన రోజు కూడా జనవరి తొమ్మిదేనని ఆ సాయంత్రం బషీరాబీ చెప్పింది.

"పిల్లను ఇడిసిపెట్టి పోరాదా బషీరమ్మా?" అన్నాను.

"ఏం తింటాది శెట్టన్నా? గాలి తింటాదా?" గొంతు పెంచింది, మళ్ళీ తనే తగ్గించుకుంది. "నాకు మాత్రం లేదా, పిల్ల ఆడితే సూడాలని. వచ్చే ఆ యమ్మ తిండికి ఇస్తానని సెప్పిందంటే ఇడిసిపెట్టి పోతా. ల్యాకుంటే నాతో పిల్చుకోని పోతా. మిగిలినోళ్ళు గూడా అదే మాట మీద ఉండారు."

నేను పది రోజులు జొన్నల గురించి వాదన తయారు చేసుకున్నాను. అద్దం ముందు కూడా చెప్పుకున్నాను, అలివేలమ్మ చూడనప్పుడు.

తొమ్మిదో తేదీ మధ్యాహ్నం జీపు వచ్చింది. శ్రీవిద్య గారంటే కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ అనుకున్నాను. దిగింది చూస్తే పాతికేళ్ళ పిల్ల. ఒళ్ళంతా దుమ్ము, చంకలో ఫైలు. కంబన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని చేతులు కట్టుకున్నాడు. మైదానం గోడ అవతల రోడ్డు మీద అప్పటికే సుగ్గి లారీ నిలబడి ఉంది. జనం చాపలు, సత్తు గిన్నెలు, జొన్న మూటలు ఎక్కిస్తున్నారు. బషీరాబీ తన మూట లారీ మీద వేసి, కొంగు నడుముకు చుట్టుకొని, గోడ పక్కన నిలబడి మా వైపే చూస్తోంది. మూటలో ఇద్దరి బట్టలూ ఉన్నాయి.

ఆట మొదలైంది. మొదటి పీపీ మోగగానే శ్రీవిద్య గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని నాకు తెలుసు, అందరూ మొదట నవ్వుతారు. రెండో పిల్ల పోయింది. మూడోసారి శిరీన్ పోయింది. ఆవిడ చెయ్యి కిందికి దిగింది. కూర్చున్న చోటి నుంచి లేచి గీత దాకా నడిచిపోయి నిలబడింది.

"ఇది ఎవరు కనిపెట్టారండీ?"

కంబన్న శిరీన్‌ను చూపించాడు.

"ఎంత బాగుంది," అంది ఆవిడ. నా గుండె కుదుటపడింది. మజ్జిగ తెచ్చిన అలివేలమ్మ వైపు గర్వంగా చూశాను.

పిల్లలు ఇంకో ఆట మొదలుపెట్టారు. ఆవిడ బడి మెట్ల మీద కూర్చుని ఫైలు తెరిచింది.

"కేశవయ్య గారూ, ఆటసామాన్ల గడిలో జొన్నలు అని ఉంది."

"ఉండాది మేడమ్." నేను గొంతు సవరించుకొని నా వాదనంతా చెప్పాను. ఏది లేకుంటే ఆట ఉండదో అదే ఆటసామాను అనే ముక్క రెండుసార్లు చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది. వినేటప్పుడు ఆవిడ మొహంలో దిగులు చూసి నాకు విషయం అర్థమైపోయింది.

"మీరు చెప్పేదాంట్లో న్యాయం ఉందండీ. కానీ తిండికి మా ట్రస్టు ఇవ్వదు. అది రూలు. బూట్లకు, పట్టీలకు, కర్నూలు ప్రయాణానికి నేను గట్టిగా రాస్తాను. జొన్నలు మాత్రం కొట్టేస్తారు." కాగితం తిప్పింది. "ఇంకోటి కూడా ఉంది. స్థానికుల వాటా దగ్గర గీత గీశారు. అది ఖాళీగా ఉంటే ఫైలు పైకే పోదండీ. ఈ ఊరు తన పిల్లలకు ఏమిస్తుందో రాస్తే గాని మేమేమిస్తామో అడగలేం."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఊరోళ్ళ దగ్గర ఏముండాది మేడమ్ ఇచ్చేకి? ఉంటే సుగ్గికి ఏంటికి పోతారు? ఆ లారీ సూడండి, ఊరంతా దాంట్లోనే ఉండాది!" అరిచినట్టే అన్నాను. అలివేలమ్మ నన్ను చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడు లారీ హారన్ మోగింది. రెండుసార్లు, పొడుగ్గా.

శిరీన్ అప్పుడే గీత దాటి ఉంది. అవతల నలుగురు. నలుగురూ చెవులున్న పిల్లలే. హారన్‌కు నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి తలలు రోడ్డు వైపు తిప్పారు. శిరీన్‌కు ఏం తెలుసు? కాగితం నాలుక నిటారుగా ఉంది. ఒకరి భుజం, ఒకరి నడుము, ఒకరి మోకాలు తాకి, నాలుగో పిల్ల వీపు మీద చరిచి, వెనక్కి దూకి గీత మీద పడింది. ఒక్క కూతకు నలుగురు! లేచి రెండు చేతులూ పైకెత్తి ఎగిరింది. ఎవరూ తన వైపు చూడటం లేదు. ఎగరడం ఆపి, అందరూ ఎటు చూస్తున్నారో అటు చూసింది.

ఆ మొహంలో వెలుగు తగ్గిపోవడం నేను చూశాను. నా వయసుకు చాలా చూశాను, అట్లాంటిది మళ్ళీ చూడకూడదు.

పిల్ల ఏడవలేదు. పీపీ నోట్లోంచి తీసి, ఓణీతో శుభ్రంగా తుడిచి, కాగితం చుట్టి, మైదానం అడ్డంగా నడిచి నా దగ్గరకు వచ్చింది. దాన్ని నా అరచేతిలో పెట్టింది. ఇక నాకు పని లేదు, నీ సరుకు నువ్వు తీసుకో అన్నట్టు వేళ్ళు మూసింది. తిరిగి గోడ వైపు, తల్లి వైపు నడిచింది.

నేను ఆ పిల్ల వెనక పరుగెత్తాను. పరుగెత్తి ఎన్నేళ్ళయిందో, పంచె కాళ్ళకు అడ్డం పడుతోంది. భుజం పట్టి ఆపి పీపీని మళ్ళీ తన చేతిలోనే పెట్టాను.

"నేను అమ్మిన సరుకు తిరిగి తీసుకోను," అన్నాను. దానికి వినపడదని అప్పుడు గుర్తు రాలేదు.

అక్కడి నుంచే అరిచాను. "మేడమ్, ఆ కాగితం ఇట్లియ్యండి!"

మెట్ల మీద కూర్చుని నాలుగో పేజీలో జొన్నలు, రాగులు, బుడ్డలు మూడూ కొట్టేశాను. చివరి పేజీ తిప్పాను. అడ్డగీత కింద రాశాను. జొన్నలు, రాగులు, బుడ్డలు, ఏడుగురు పిల్లలకు ఉగాది దాకా, ఇచ్చేవారు కేశవయ్య, కిరాణా అంగడి, కోసిగి. తొందరలో అక్షరాలు వంకర పోయాయి. బుడ్డలకు ఇంగ్లీషు ఈసారి చూడకుండానే వచ్చింది.

అలివేలమ్మ నా భుజం మీదుగా వంగి చూసింది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఎక్కడ రాశానో చూసింది.

"ఇప్పుడు సరైన గడిలో రాసినారు," అంది. తర్వాత గోడ వైపు గొంతెత్తింది. "బషీరమ్మా, పిల్లలు మా నడింట్లో పండుకుంటారు. నువ్వు మూట దించు తల్లీ."

బషీరాబీ గోడ తిరిగి వచ్చింది. నా మొహం, కాగితం, మళ్ళీ నా మొహం చూసింది. నా గురించి ఊరు చెప్పుకునే రెండు మాటలూ ఆమెకు తెలుసు.

"నిజమేనా శెట్టన్నా? నేను మిరప చేన్లో ఉన్నపుడు నువ్వు మనసు మార్చుకుంటే నా బిడ్డ గతేంది?"

"రాసినా గదమ్మా. ఇంగ్లీషులో రాసినా. మార్చాలన్నా నాకు రాదు."

ఆమె నవ్వింది, నవ్వులోనే ఏడ్చింది. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకొని, స్టీరింగు తిప్పినట్టు చేసి తనను చూపించుకుంది. వేళ్ళు నోటి దగ్గర పెట్టి మమ్మల్ని చూపించింది. శిరీన్‌కు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక తల్లిని పైకెత్తి గిరగిరా తిప్పేసింది. బషీరాబీ కిందికి దించమని గోల. మూటలోంచి శిరీన్ బట్టలు తీసి అలివేలమ్మ చేతికిచ్చి లారీ ఎక్కింది.

గ్రాంటు ఫిబ్రవరిలో వచ్చింది. ఏడు జతల బూట్లు, పట్టీలు, కర్నూలుకు పోను రాను ఖర్చు. మార్చిలో కర్నూలులో మా జట్టు రెండు ఆటలు గెలిచి మూడోది ఓడింది. పీపీ కూత ఒప్పుకోవాలా వద్దా అని అక్కడ గంటసేపు వాదన జరిగింది, దాంట్లో కంబన్న గెలిచాడు. మా వంటింట్లోకి గుడ్డు రాదు కాబట్టి పిల్లలకు గుడ్లు కంబన్న ఇంట్లో ఉడికేవి. కానీ గుడ్డు తిన్నావా అని చేత్తో గుండ్రంగా చూపించి రోజూ అడిగింది మాత్రం అలివేలమ్మే. ఇవన్నీ బాగున్నాయి. కానీ నా మనసులో ముద్ర పడి ఉన్నది ఆ తొమ్మిదో తేదీ సాయంత్రమే.

లారీ కదిలింది. వెనక తలుపు దగ్గర జనం మధ్య బషీరాబీ నిలబడి ఉంది. శిరీన్ రోడ్డు మధ్యకు ఉరికింది. చెయ్యి ఊపుతుందనుకున్నాం. ఊపలేదు. పీపీ పళ్ళతో కరిచి, రొమ్ము నిండా ఊపిరి పీల్చి, ఊదింది.

కాగితం నాలుక సాగి లారీ వైపు నిలబడింది. పీ అనే ఆ మోత ఇంజను చప్పుడు మీదుగా వీధంతా వినపడింది. లారీ స్టేషను మలుపు తిరిగింది. రైలు గేటు దగ్గర నెమ్మదించింది. ఆ పిల్ల మెడ నరాలు పొంగాయి, మొహం ఎర్రబడింది. నాలుక మాత్రం వంగలేదు. గేటు దగ్గర లారీ మీద ఒక చెయ్యి పైకి లేచింది. బషీరాబీ గొంతు మాకు స్పష్టంగా వినపడింది.

"ఇనబడ్తాంది శెట్టన్నా! నా కూతురి కూత, ఇనబడ్తాంది!"

లారీ గేటు దాటింది. కాగితం చుట్టుకుంది. శిరీన్ రొప్పుతూ నా వైపు తిరిగింది. తల్లి అరిచిన మాట తనకు తెలియదు. ఏమైంది అన్నట్టు కళ్ళతో అడిగింది.

ఆ పిల్లతో నేను ఏనాడూ చేతులతో మాట్లాడలేదు. సిగ్గనిపించేది. ఆ రోజు చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాను, లారీ పోయిన దిక్కు చూపించాను, నా గుండె మీద తట్టాను. మీ అమ్మకు వినపడిందమ్మా అని.

శిరీన్ నా చేతుల వైపే చూసింది. వెంటనే ఖాళీ రోడ్డు వైపు తిరిగి, పీపీ మళ్ళీ నోట్లో పెట్టుకొని, ఇంకోసారి ఊపిరి పీల్చుకుంది.